తెగని ఎర్రదారం

"ఉస్‌కో ఫాంసీ హోనీ చాహియే, ఆంటీ. ఉరి పడాలి వాడికి," అంది సుధ, అద్దం ముందు నిలబడి జడ బిగించుకుంటూ.

తండ్రి కర్మలు ముగిసి రెండు రోజులే అయింది. అప్పుడే తనకీ తండ్రికీ పనిచ్చిన కంపెనీ నుంచి ఫోనొచ్చింది, డ్యూటీకి రమ్మని. రాకపోతే ఆ కుర్చీలో వేరే ఎవరినైనా కూర్చోబెట్టుకుంటామని కూడా చెప్పారట. చాలా మర్యాదగా చెప్పారట.

డిటెక్టివ్ రోహిణి గోడకి ఆనుకుని కూర్చుని వింటోంది. టాటానగర్ పక్కన పర్సుడీహ్‌లో రెండు గదుల ఇల్లది. ఆమె వీపు ఆనిన గోడకి అవతల చిలకమ్మ ఇల్లు. రోహిణిని ఈ కేసులోకి దింపింది ఆ చిలకమ్మే. గోడకి ఇటు శవం లేచింది, అటు కొడుకు జైలుకి పోయాడు. ఇరవై ఏళ్ళు ఒకరింటి కూర ఒకరు తిన్న మనుషులు ఇప్పుడు ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారు.

సంగతి చెప్పుకుంటే చిన్నదే. గమ్హరియాలో త్రిరేఖ ఫోర్జ్ అని ఒక కార్ఖానా. అక్కడ విశ్వకర్మ పూజ మర్నాడు ఉదయం సుధ తండ్రి బంగార్రాజు సరుకు వేసి కరెంటుతో తిప్పే ఒక పెద్ద ఇనుప డ్రమ్ములోకి దూరి, లోపల వదులైన రేకు బిగిస్తున్నాడు. డ్రమ్ము తిరిగింది. నిమిషమైనా తిరక్కుండానే ఆగిపోయింది. లోపలున్న మనిషికి నిమిషం అక్కర్లేదు. బయట కాపలా ఉన్నవాడు చిలకమ్మ కొడుకు వరహాలు ఒక్కడే. కరెంటు పెట్టె వైపు చెయ్యి చాచి నిలబడ్డవాణ్ణి పరిగెత్తుకొచ్చిన వాళ్ళంతా చూశారు. పైగా ముందురోజు ఆ ఇద్దరూ పూజ దగ్గర గొంతులు చించుకుని అరుచుకున్నారు. పోలీసులకి ఇంకేం కావాలి? కక్ష కొద్దీ స్విచ్చి వేశాడు, భయమేసి ఆపేశాడు అని తేల్చి సరాయికేలా జైలుకి పంపారు. ఈ సాయంత్రం కంపెనీ తరఫు విచారణ రిపోర్టు థానాకి చేరుతుంది. అది చేరితే వరహాలు మెడకి పడ్డ ముడి ఇంక ఊడదు.

ఆ రిపోర్టు రాసినవాడు జయప్రకాష్. ఆ పేరు తలచుకుంటేనే రోహిణికి నోరు చేదెక్కుతుంది.

"ముందురోజు గొడవ దేనికమ్మా?" అంది రోహిణి.

"నాకు తెలీదు. పాపా వాడి చెంప పగలగొట్టాడట. అందరూ చూశారు."

"చూశారు సరే. వాళ్ళు అరుచుకున్నది తెలుగులో కదా. చూసినవాళ్ళలో తెలుగొచ్చినవాడు ఒక్కడున్నాడా?"

సుధ జడ చివర రబ్బరు బ్యాండు వేస్తూ ఆగింది. "ఉంటే మాత్రం? కొట్టుకున్నారు కదా!"

రోహిణికి ఆ గొడవ దేనికో తెలుసు. నిన్న జైల్లో ఊచల అవతల నుంచి వరహాలు చెప్పాడు. 'తాళం ఎయ్యకుండా లోనికెల్లొద్దు మావా అన్నాను. నాకు సెప్తావేట్రా గుంటడా అని కొట్టినాడు. అంతే అక్కా.' వాడి నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి దానికి విలువ లేదు. చూసిన బీహారీలకి వినిపించింది అరుపే. అందులో ఒకడి ప్రాణం మీద ఇంకొకడికున్న భయం వాళ్ళకెలా వినిపిస్తుంది?

"డ్రమ్ము తిరిగినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"మేడమీద, ఆఫీసులో. మిషన్లు మళ్ళీ మొదలుపెట్టే ముహూర్తం పూజ అప్పుడే అయింది. ప్రసాదం పంచుతున్నారు. కింద కేకలు వినబడ్డాయి." సుధ అద్దం నుంచి పక్కకి తిరిగింది. "లడ్డూ చేతిలో ఉంది ఆంటీ. తిందామనుకుంటున్నాను."

మూలనున్న నులకమంచం మీద ఆమె తల్లి అటు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నారు. కాదు.

"ఆ కొక్కేనికున్న ఎర్రగుడ్డ తియ్యిమన్నానా నేదా? ఎరుపు సూడనేకపోతన్నాను," అంది గోడ వైపే చూస్తూ.

రోహిణి తలెత్తి చూసింది. తలుపు వెనక కొక్కేనికి జరీ అంచున్న కొత్త ఎర్రచున్నీ వేలాడుతోంది. "కంపెనీవాళ్ళు పూజకిచ్చిందే అమ్మా, ఎక్కడ పారేయను?" అని సుధ దాన్ని లాగి, మడత కూడా పెట్టకుండా పెట్టె వెనక్కి తోసేసింది. పూజకి చీరలూ మిఠాయిలూ పంచే కంపెనీలు చాలానే ఉన్నాయి. రోహిణి ఆ సంగతిని అక్కడితో వదిలేసింది. వదిలెయ్యకుండా ఉండాల్సింది.

బయటికి రాగానే చిలకమ్మ సందు మొదట్లో కాచుకుని ఉంది.

"ఏటన్నాదమ్మా ఆ గుంట?"

"ఏమంటుంది అత్తా? తండ్రి పోయిన బాధలో ఉంది."

"నా గుంటడే సేసుంటే నానే తాడట్టుకెల్లి ఇద్దును. ఆడు సెయ్యనేదు. నా సెయ్యి పడకముందే ఆగిపోనాదమ్మా అని ఏడుత్తన్నాడు. ఆడి మాట నానొక్కర్తినే నమ్మితే సాల్దు గదా తల్లీ!"

"సాయంత్రం లోపల తేల్చేస్తాను," అంది రోహిణి. అలా మాటివ్వకూడదని ఆమె వృత్తిలో మొదటి పాఠం. అయినా ఇచ్చింది.

* * *

కార్ఖానాలో డ్రమ్ము ముందు ఇద్దరు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. ఒకరు ప్లాంటు మేనేజరు సౌరభ్ సిన్హా, ఇస్త్రీ మడత నలగని మనిషి. రెండోవాడు జయప్రకాష్. రోహిణి తండ్రీ అతని తండ్రీ టాటానగర్ రైల్వేలో ఒకే షెడ్డులో పనిచేశారు. కద్మాలో ఒకే గదిలో, ఒకే బోర్డు కింద రోహిణీ అతనూ ఆరేళ్ళు డిటెక్టివ్ ఏజెన్సీ నడిపారు. నాలుగేళ్ళ కిందట అతను పెద్ద క్లయింట్లందరినీ వెంటబెట్టుకుని బిష్టుపూర్ వెళ్ళిపోయాడు. బోర్డుని మాత్రం ఆమెకి వదిలేశాడు, దాని మీద తన పేరు గీకేసి. అంత ఉదారంగా ఎవరు వదులుతారు?

"దొంగలు పడ్డ ఆర్నెల్లకి వచ్చావు," అన్నాడు జయప్రకాష్.

"దొంగలింకా ఇక్కడే ఉన్నారుగా, తొందరేముంది?" అంది రోహిణి.

ఆమె చేతిలో వరహాలు లాయరు కోర్టు నుంచి తెచ్చిన అనుమతి ఉంది. ఆ ఒక్క రోజు ఆ చోటు చూడొచ్చు, ఎవరినైనా అడగొచ్చు. సౌరభ్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చదివి తిరిగిచ్చాడు.

డ్రమ్ము ఆమె కంటే ఎత్తుంది. మనిషి వంగి దూరేంత తలుపు. పక్కన స్తంభానికి గోధుమరంగు కరెంటు పెట్టె, దాని మీద చేత్తో వేసే పెద్ద స్విచ్చి పిడి, పైన కరెంటుంటే వెలిగే పచ్చదీపం. తలుపు పక్కనున్న ఎమర్జెన్సీ బటను టోపీ ఎప్పుడో విరిగింది. దాని మీద ఎవరో బీడీ ఆర్పిన మచ్చ ఉంది.

"మనుషులు లోపలికెళ్ళేటప్పుడు ఈ పిడికి తాళం వెయ్యరా?" అని హిందీలో అడిగింది.

"అది పాత పద్ధతి మేడమ్," అన్నాడు సౌరభ్. "ఒక్కొక్కడూ ఒక్కో తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. ఒకడు టీకెళితే పనంతా ఆగేది. ఇప్పుడు ఈ పిడి దించే ఉంటుంది, అవసరం పడితేనే ఎత్తుతాం. మిగతాదంతా సాఫ్ట్‌వేర్. లోపలికెళ్ళేవాడు ఫోన్లో పర్మిట్ అడుగుతాడు, సాఫ్ట్‌వేరే కరెంటు తీసేస్తుంది. పనయ్యాక పర్మిట్ మూస్తాడు, అదే మళ్ళీ ఇస్తుంది."

"తాళాలేం చేశారు?"

"స్టోరులో ఉంటాయి."

అంటే బంగార్రాజుకి తాళం అడిగినా దొరికేది కాదు. వరహాలుని చెంపదెబ్బ కొట్టింది కోపంతో కాదేమో. లేని తాళాన్ని అల్లుడి వరస కుర్రాడు పదిమందిలో అడుగుతుంటే, పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడికి సిగ్గేసి ఉంటుంది.

రోహిణి పిడి దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. పూజ రోజున పూజారి కట్టిన ఎర్రదారం పిడినీ దాని పక్కనున్న ఇనుప గొట్టాన్నీ కలిపి మూడు చుట్లు చుట్టుకుని ఉంది. దాని మీదుగా నూనెలో కలిపిన సిందూరంతో స్వస్తిక్ గీశారు. నూనె ఎండిపోయి సిందూరం గట్టిపడింది.

"జేపీ, నీ రిపోర్టులో వరహాలు ఏం చేశాడని రాశావు?"

"చేత్తో పిడి పైకెత్తి కరెంటు ఇచ్చాడు. డ్రమ్ము ఆటో మీద ఉంది కాబట్టి కరెంటు రాగానే తిరిగింది. గాబరాపడి పిడి కిందకి దించాడు."

"ఎత్తాడు, దించాడు. మరి ఈ దారం?"

"తరవాత మళ్ళీ కట్టాడేమో! పదిమంది చేరేలోపల ఎంతసేపు?"

"శవం లోపలుండగా పూజదారం కట్టాడా? సరే, కట్టాడనుకుందాం. ఇలా రా." అతను రాలేదు. ఆమే ఫోన్ లైటు వేసి సౌరభ్‌కి చూపించింది. "ఈ సిందూరం గీత చూడండి. గొట్టం మీద మొదలై, దారం మూడు చుట్ల మీదుగా వెళ్ళి, పిడి మీద ముగిసింది. ఎక్కడా చీలలేదు. దారం తెంపి మళ్ళీ కడితే ఈ గీత ముక్కలై, ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ పొంతన ఉండేది కాదు. పూజారి కట్టిన తరవాత ఈ పిడిని మనిషన్నవాడు కదపలేదు."

సౌరభ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. జయప్రకాష్ మాత్రం అటు చూడనేలేదు. అంత మంచి సాక్ష్యం కళ్ళముందు పెడితే చూడనివాడు రెండే రకాలు. గుడ్డివాడు, లేదా ముందే చూసినవాడు. జేపీకి కళ్ళు బాగానే కనిపిస్తాయి.

"చెయ్యి పడకుండా డ్రమ్ము తిరిగిందంటే మీ సాఫ్ట్‌వేరే తిప్పింది," అంది రోహిణి. "దాన్ని చూసుకునేదెవరు?"

* * *

చూసుకునేది కిషోర్. టాటానగర్ రైల్వే కాలనీ తెలుగు మనిషే, ముప్పై అయిదేళ్ళుంటాయి. మేడమీద ఏసీ గదిలో కూర్చుని కూడా చెమట తుడుచుకుంటున్నాడు. అతని వెనక నల్లటి సర్వరు పెట్టె నుదుటన ఎండిన సిందూరం బొట్టు, దాని మెడకీ ఒక ఎర్రదారం. విశ్వకర్మకి సుత్తీ ఒకటే, సర్వరూ ఒకటే.

"అమ్మా, నానేటీ సెయ్యనేదు," అన్నాడు అడక్కముందే. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

"ఏం చెయ్యలేదో అదే చెప్పు. ఈ సాఫ్ట్‌వేర్ లోపల కరెంటు తీసి వేసేది ఎవరు?"

"వర్కర్లండి. మనుసులు కాదు. తెర ఎనకాల నడిసే చిన్న ప్రోగ్రాములు. పర్మిట్ అడిగితే అదొక పనిగా లైన్లో సేరుద్ది. వర్కర్ వొచ్చి ఆ పనందుకుని కరెంటు తీసీద్ది. పర్మిట్ మూసీమంటే అదింకో పని. వర్కర్ వొచ్చి కరెంటు ఇచ్చీద్ది."

రోహిణికి ఈ గొడవ కొత్త కాదు. డిటెక్టివ్ కాకముందు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడేళ్ళు ఇలాంటి వర్కర్లని ఆపడం, లేపడం, తిట్టుకోవడం తప్ప వేరే పని చెయ్యలేదు. అందుకే తరవాతి ప్రశ్న ఆమెకి వెంటనే తట్టింది.

"పూజ రోజు ఈ వర్కర్లని ఆపావా?"

కిషోర్ సౌరభ్ వైపు చూశాడు. సౌరభ్ తల ఊపాడు.

"ఆపీసినానండి. పూజకి మిసన్లన్నీ ఆపీమని సార్ ఆర్డరు. సుత్తి ముట్టుకోకూడదు, కంప్యూటరు ముట్టుకోకూడదు. ఇదీ మిసనే గదా అని మూడు గంటలకి వర్కర్లని ఆపీసి, పూజారికి దారిచ్చీసినాను. ఏటేటా అదే పని."

"బంగార్రాజు వాళ్ళు ఆ రోజు పర్మిట్ తీసుకుని డ్రమ్ము కడగడానికి దిగారు కదా, ఎప్పుడు పైకొచ్చారు?"

"నాలుగింటికి. బయటికొచ్చి, మర్నాడు ముహూర్తానికి రడీగుండాలని డ్రమ్ముని ఆటోలో ఎట్టి, పర్మిట్ మూసినారు."

"అంటే కరెంటు ఇవ్వమనే పని లైన్లో చేరింది. కానీ అందుకునే వర్కర్ లేదు."

"నేదండి."

"మర్నాడు పొద్దున రేకు వదులైందని బంగార్రాజు మళ్ళీ పర్మిట్ అడిగాడు. కరెంటు తియ్యమనే పని దాని వెనక చేరింది. అప్పటికీ వర్కర్లు లేవలేదు. కానీ కరెంటు నిన్నటి నుంచీ లేనే లేదు కాబట్టి దీపం ఆరి ఉంది. దీపం ఆరిందని నమ్మి ఆయన లోపలికి దూరాడు."

సౌరభ్ విసుగ్గా అడిగాడు, ఇదంతా ఏమిటని. రోహిణి ఆయన వైపు తిరిగింది.

"రేషన్ షాపు మూసేస్తే లైను పోతుందా సార్? జనం సంచులు వరసలో పెట్టి ఇంటికి పోతారు. మర్నాడు షాపు తలుపు తెరవగానే మొదటి సంచి ఎవరిదో మొదటి బియ్యం వాడికే. ఇక్కడ మొదటి సంచి 'కరెంటు ఇవ్వు'. రెండో సంచి 'కరెంటు తియ్యి'. పదీ ఇరవైకి మీ ముహూర్తం. వర్కర్లని లేపారు. లేవగానే మొదటి పని అందుకున్నాయి, డ్రమ్ము తిరిగింది. ఆ పనయిందో లేదో సరిచూసుకుని రెండోది అందుకున్నాయి, ఆగిపోయింది. అందుకే డ్రమ్ము తనకి తాను తిరిగింది, తనకి తాను ఆగింది. వరహాలు చెయ్యి చాచేసరికే అయిపోయింది. వాడు మొదటి నుంచీ అదే చెబుతున్నాడు."

సౌరభ్ నవ్వాడు. ఆయనకి ఆ సాఫ్ట్‌వేర్ గురించి తెలిసిందల్లా దాని ధర, దాని రంగు. "కహానీ అచ్ఛీ హై," అన్నాడు. కథ బాగుందట.

"ఒకటడుగుతాను కిషోర్. లైన్లో పాత పనులు మిగిలి ఉంటే, లేపేటప్పుడు అది అడగదా?"

"అడుగుద్దండి. పెండింగు ఇన్నున్నాయి, నడపమంటావా, తీసీమంటావా అని తెర మీద పెద్దచ్చరాలతో అడుగుద్ది. అడిగినప్పుడు తీసీమనాలి. నానైతే తీసీద్దును. ఆ రోజు నాకు సెలవండి, అత్తోరింటికెల్లాను."

"మరి ఆ రోజు నొక్కిందెవరు?" ఈసారి హిందీలో అడిగింది.

కిషోర్ నోరు తెరిచాడు. సౌరభ్ అందుకున్నాడు. "ఆఫీసు స్టాఫ్. బటను ఎవరు నొక్కితే ఏముంది మేడమ్? పూజ తంతు అది."

మూల నిలబడ్డ జయప్రకాష్ అప్పుడు తలెత్తాడు. ఇంతసేపూ లేని ఆదుర్దా ఏదో అతని మొహంలో కనిపించింది. రిపోర్టు మంటగలుస్తోందన్న భయం అనుకుంది రోహిణి. అలా అనుకోవడం ఆమెకి ఇష్టంగా కూడా ఉంది. నాలుగేళ్ళుగా ఆ మొహంలో అలాంటి భయం చూడాలని ఉంది ఆమెకి.

"అయితే చేసి చూద్దాం," అంది. "కథో కాదో తేలిపోతుంది. డ్రమ్ము ఖాళీ. చుట్టూ తాడు కట్టి మనుషుల్ని దూరంగా నిలబెట్టండి. కిషోర్ వర్కర్లని ఆపాలి. పాత పర్మిట్ మూయాలి, కొత్తది అడగాలి. తరవాత వర్కర్లని లేపాలి. కానీ ఒక షరతు. ఆ రోజు ఎవరు ఏ పని చేశారో ఈ రోజూ వాళ్ళే ఆ పని చెయ్యాలి. ఆ రోజు నొక్కినవాళ్ళే నొక్కాలి, ఆ రోజు ఏ జవాబిచ్చారో అదే ఇవ్వాలి. లేకపోతే రేపు కోర్టులో ఈ జయప్రకాష్‌గారే లేచి, మనిషిని మార్చారు, మతలబు చేశారు అంటారు."

"కర్ లీజియే, చేసుకోండి," అన్నాడు సౌరభ్. డ్రమ్ము కదలదనీ, ఈ ఆడమనిషి మొహం వేలాడేసుకుని పోతుందనీ ఆయన ధీమా. ఫోన్ తీసి పై ఆఫీసుకి ఎవరికో చెప్పాడు.

* * *

కిందకి దిగుతుంటే జయప్రకాష్ ఇనుప మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు రోహిణీ."

"చెయ్యి తియ్యి."

తీశాడు. "దారం నేను మొదటి రోజే చూశాను. వర్కర్ల సంగతీ ఆ రోజే తెలిసింది."

"తెలిసి?"

"ఊరుకున్నాను."

"ఎంతకి?"

"డబ్బుకనే అనుకో. నన్నెంత తిట్టినా పడతాను. ఈ తిప్పడం మాత్రం ఆపు. రిపోర్టు మార్చేస్తాను. కారణం తెలియరాలేదని రాస్తాను. వరహాలుకి బెయిలొస్తుంది, కేసు ఏళ్ళ తరబడి నానుతుంది. నీ ముసలావిడకి కొడుకు ఇంటికొస్తాడు. చాలదా?"

"ఇంటికొచ్చి ఏం చేస్తాడు? గోడకి అవతల పిల్ల వాణ్ణి చూసిన ప్రతిసారీ మా నాన్నని చంపినవాడనుకుంటుంది. జన్మంతా ఆ మచ్చతో బతకాలా?"

"ఎవరో ఒకరు బతకాల్సిందే," అన్నాడు జయప్రకాష్ చాలా మెల్లగా.

అంత నీచంగా మాట్లాడగలడని ఆమె అనుకోలేదు. విసురుగా డ్రమ్ము వైపు నడిచింది. ఆ మాటకి ఒక్క ప్రశ్న వేసి ఉంటే బాగుండేది. ఏ పాటి డిటెక్టివైనా వేసే ప్రశ్న అది. కానీ ఆ మనిషి మీద ఉన్న కసి ఆమె బుర్రకి అడ్డం పడింది. కోపం ఉన్నచోట చెవులు పనిచెయ్యవు.

కార్ఖానాలో పనివాళ్ళు తాడు అవతల గుమిగూడారు. డ్రమ్ము తిరిగితే అందరికీ వినబడాలని రోహిణి ఒక హెల్మెట్ అడిగి తీసుకుని, చిన్న తలుపులోంచి లోపలికి దొర్లించింది. తరవాత ఫోన్ ఎత్తి పిడినీ దారాన్నీ డ్రమ్మునీ కలిపి వీడియో తియ్యడం మొదలుపెట్టింది. కిషోర్ ఆపాల్సినవి ఆపి, మూయాల్సింది మూసి, అడగాల్సింది అడిగానని పైనుంచి కేకేశాడు. దీపం ఆరే ఉంది.

"అబ్ స్టార్ట్ కరో!" అని అరిచాడు సౌరభ్ పైకి.

ఒక క్షణం ఏమీ కాలేదు. సౌరభ్ మొహం మీద నవ్వు పూర్తి కాబోతుండగా స్తంభం మీద పచ్చదీపం వెలిగింది. పిడి కదల్లేదు. దారం తెగలేదు. డ్రమ్ము ఒక్కసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. లోపల హెల్మెట్ ఇనుప రేకులకి కొట్టుకుంటూ, పైకి లేచి కింద పడుతూ, మళ్ళీ లేచి మళ్ళీ పడుతూ మోగింది. తాడు అవతల ఒకడు చెవులు మూసుకున్నాడు. ఆ రోజు ఆ చప్పుడు విన్నవాడు కాబోలు. రోహిణికీ మూసుకోవాలనిపించింది కానీ చేతిలో ఫోనుంది.

కొన్ని క్షణాలకి పచ్చదీపం దానంతట అదే ఆరిపోయింది. డ్రమ్ము ఇంకో అర చుట్టు తిరిగి ఆగింది. హెల్మెట్ చివరిసారి దొర్లి నిలబడింది.

వరహాలు బతికాడు. చిలకమ్మకిచ్చిన మాట నిలబడింది. రోహిణి జయప్రకాష్ వైపు తిరిగింది, ఇన్నేళ్ళు దాచుకున్న మాటేదో అనడానికే. కానీ అతను ఆమెని చూడటం లేదు. పై మెట్ల వైపు చూస్తున్నాడు.

"ఇక్కడ ముహూర్తానికి పెళ్ళికాని పిల్ల చేత నొక్కిస్తారు," అన్నాడు. "లక్ష్మి అని. భుజాల మీద ఎర్రచున్నీ కప్పి మరీ నొక్కిస్తారు."

చున్నీ అనగానే రోహిణికి పొద్దున చూసిన కొక్కెం, ఎరుపు చూడలేకపోతున్నానన్న తల్లి, పెట్టె వెనక్కి పోయిన జరీ అంచు అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. అప్పటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడుతోంది.

సుధ దిగి వస్తోంది. పైన గదిలో కూర్చున్న పిల్లకి కింద ఏం జరుగుతోందో ఎవరూ చెప్పినట్టు లేదు. బటను నొక్కమన్నారు, నొక్కింది. చప్పుడైతే చూడటానికి వచ్చింది.

"హో గయా, సర్? అయిపోయిందా?" అంది సౌరభ్‌తో. "ఇవాళ కూడా రెండు పెండింగ్ చూపించింది. ఆ రోజు లాగే నడపమని నొక్కేశాను. ఆ రోజు కూడా మిమ్మల్ని అడిగాను కదా సర్, తీసేయనా అని? ముహూర్తం దాటిపోతోంది, జో భీ హై చలా దో, ఏమున్నా నడిపెయ్ అన్నారుగా మీరు."

సౌరభ్ ఒకడుగు వెనక్కి వేశాడు. తాడు అవతల ఉన్న పనివాళ్ళంతా ఆయన్నే చూస్తున్నారు. రోహిణికి కావలసిన సాక్ష్యం అదే. నేరం ఎవరిదో, ఎవరు చూసి కూడా కానిమ్మన్నారో, అన్నీ అందులో ఉన్నాయి. ఏ కోర్టులోనైనా నిలబడుతుంది. దాన్ని చెప్పాల్సిన నోరు మాత్రం ఈ పిల్లది.

సుధ డ్రమ్ము వైపు తిరిగింది. దాని చిన్న తలుపు ఆమెకి ఎదురుగా వచ్చి నిలిచి ఉంది. లోపల సొట్టలు పడ్డ హెల్మెట్ కనిపిస్తోంది. ఆమె దాన్ని చూసింది. ఆరిన దీపాన్ని చూసింది. పిడి మీద తెగని దారాన్ని, దానికి ఆమడ దూరంలో నిలబడ్డ మనుషుల్ని ఒక్కొక్కళ్ళనీ చూసింది.

పొద్దున్నించీ హిందీ కలిపి మాట్లాడిన పిల్ల ఇప్పుడు అచ్చం తల్లి యాసలో అడిగింది.

"ఆంటీ, వరహాలు జైల్లో ఉన్నాడు గదా. మరిప్పుడు ఇదెవులు తిప్పినారు?"

"అడుగుతోంది. చెప్పు," అన్నాడు జయప్రకాష్. ఆ గొంతులో గెలుపు లేదు.

రోహిణి చేతిలో ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది.